జెర్బో తిట్టని రోజు

మా వైమానిక దళం చరిత్ర చెప్పమంటే పెద్ద ఆఫీసర్లు గోడ మీద ఫోటోలు చూపిస్తారు. నన్నడిగితే నా వంట గిన్నెలు చూపిస్తాను. ఏ ఏడు ఎంత గిన్నె పొయ్యి మీద పెట్టానో గుర్తు చేసుకుంటే, దళం ఎప్పుడు ఒళ్ళు చేసిందో, ఎప్పుడు చిక్కిపోయిందో చెప్పెయ్యగలను. పడమటి ఆఫ్రికాలో, మా బోబో ఊరి విమానాల మైదానం పక్కన రేకుల పాక వేసుకుని జొన్న సంకటి, బెండకాయ పులుసు, ఉడికించిన అలసందలు, ఎర్ర గోంగూర షర్బత్తు అమ్ముకుంటూ నా జుట్టు నెరిసింది. నా పేరు కారిజా. పైలట్ల దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాళ్ళ దాకా అందరికీ పిన్నిని.

తెల్లవాళ్ళు పోతూ పోతూ మాకు వదిలి వెళ్ళిన ఆస్తి ఒక డకోటా, రెండు బ్రూసార్లు. డకోటా అంటే పెద్ద యుద్ధంలో సరుకులు మోసి మోసి అలిసిపోయిన రెండింజన్ల ముసలిది. బ్రూసార్ చిన్నది. ఒకటే ఇంజను, గుండ్రటి ముక్కు, నెత్తి మీద రెక్క. ఆరుగురు మనుషులు కూర్చోవచ్చు, లేదా ఇద్దరు కూర్చుని వెనక నాలుగు మేకల్ని ఎక్కించుకోవచ్చు. కాస్త చదునైన నేల కనిపిస్తే చాలు, దిగుతుంది. ఆ తర్వాత దాతలు మొదలయ్యారు. ఒక దేశం హెలికాప్టరిచ్చింది, దాని పుస్తకం మాత్రం మాలో ఎవరికీ రాని భాషలో ఉంది. ఇంకో దేశం విమానం ఇచ్చి, టైర్లు తర్వాత పంపుతామంది. ఆ టైర్ల కోసం ఇప్పటికీ ఎదురు చూస్తున్నాం. జెండా పండుగ రోజున మా బ్రూసార్ జనం నెత్తి మీదుగా ఎగిరి, గుట్ట వెనక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చేది. వచ్చింది అదే విమానమని అందరికీ తెలుసు. అయినా రెండోసారి కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనైతే గరిటె పట్టుకునే కొట్టేదాన్ని.

నవ్వితే నవ్వండి గానీ చులకన మాత్రం చెయ్యకండి. పడమటి ఆఫ్రికాలో మా కంటే పెద్ద దళాలు చాలా ఉన్నాయి. వానల్లో దారులు తెగిపోయినప్పుడు మా పల్లెలకి మందులు మోసింది మాత్రం మా బ్రూసారే. యుద్ధవిమానాలు చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి. వాటి సంగతి ఇంకెవరైనా చెబుతారు. నేను చెప్పేది ఆ బ్రూసార్ సంగతి, దాన్ని నడిపే కాప్టెన్ నోగా టప్సోబా సంగతి, దాన్ని బాగుచేసే మెకానిక్కు జెర్బో సంగతి. చివరికి అందరూ క్షేమం. అందుకే ఇంత తీరిగ్గా చెబుతున్నాను. ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే నా నోట మాట వచ్చేది కాదు.

టప్సోబా మోసీ తెగవాడు. జెర్బో సామో. ఈ రెండు తెగలకీ తాతల నాటి నుంచి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే చాలు, తిట్టుకోవాలి. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవనుకోవాలి. సామోలు కుక్కతలకాయలు తింటారని మోసీలు, మోసీలు గాడిదలెక్కుతారని సామోలు వెక్కిరించుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. ఇదంతా బతికున్నన్నాళ్ళ ముచ్చట. మోసీవాడు పోయినప్పుడు సామో బావలు వచ్చి ఆ ఇంట్లో గోల చెయ్యాలి. పోయినవాడి నడక నడిచి, వాడి గొంతుతో మాట్లాడి, ఏడుస్తున్నవాళ్ళని నవ్వించాలి. అది జరిగితే గానీ పోయినవాడు పోయినట్టు కాదు. సామోవాడు పోతే మోసీలు వెళ్ళి అదే పని చేస్తారు. నేను బోబో తెగదాన్ని. మాకు ఇలాంటి బావలు పశువులు కాసుకునే ఫులానీలు. వాళ్ళతో నాకు రోజూ నోటి దురద తీరుతూనే ఉంటుంది.

అవి ఎడారి గాలి వీచే రోజులు. ఆకాశమంతా పిండి చల్లినట్టు దుమ్ము. ఏటా ఆ గాలితో పాటే మెదడుపొరల వాపు జ్వరం వస్తుంది. నూనా వైపు పల్లెల్లో పిల్లలు పడిపోతున్నారని కబురొచ్చింది. ఆసుపత్రి వాళ్ళు టీకా మందు ఐసు పెట్టెల్లో పెట్టి పొద్దున్నే మైదానానికి తెచ్చారు. ఐసు కరిగేలోపు చేరాలి. కాప్టెన్ నా పాక ముందు నిలబడే అలసందలు తింటున్నాడు. జెర్బో రెక్క మీద నుంచి దిగి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏరా బానిసా, నా బండి సిద్ధమేనా?" అన్నాడు కాప్టెన్.

"నీ బండా? మీ తాతలు గాడిదలెక్కి తిరిగారు. నువ్వు నా పుణ్యమాని విమానం ఎక్కుతున్నావు. ముందు నాకో దండం పెట్టు."

"కుక్కతలకాయ కూర తిన్న చేతులు కడిగావా లేదా? రెక్కంతా కంపు కొడుతుంటే ఎలా ఎగరను?"

"వాగుడు ఆపి విను బావా. ఎడమ ట్యాంకు ముల్లుని నమ్మకు. అది మీ మోసీల ఇంట పుట్టింది. కడుపు కాలుతున్నా నిండిపోయిందనే చెబుతుంది."

కాప్టెన్‌కి నవ్వుతో పొలమారింది. "మీ సామోల ఇంట పుట్టుంటే, కుక్కతలకాయ చూపిస్తే గానీ కదిలేది కాదు" అన్నాడు దగ్గుతూనే. పళ్ళెం నా చేతిలో పెట్టి పరిగెత్తాడు. నేనూ నవ్వాను. పక్కన తింటున్న సిపాయిలూ నవ్వారు. జెర్బో కూడా నవ్వుతూనే చేతులు కడుక్కోవడానికి షెడ్డులోకి వెళ్ళాడు.

జెర్బో చెప్పింది అక్షరాలా నిజం. పెట్రోలు ఎంతుందో చూపించే ఎడమ ట్యాంకు ముల్లు ఇరుక్కుపోయింది. పొద్దున అతను కర్ర దించి చూస్తే ట్యాంకు అడుగున తడి తప్ప ఏమీ లేదు. తను చెప్పేశాడు కాబట్టి కాప్టెన్ మైదానం అవతల చివరున్న పెట్రోలు షెడ్డు దగ్గర ఆగి నింపుకుంటాడని జెర్బో అనుకున్నాడు. బావ రోజూ తిట్టినట్టే తిట్టాడని కాప్టెన్ అనుకున్నాడు. దుమ్ములో అవతలి చివర ఎవరికీ కనిపించలేదు. ఇంజను మోత విన్నాం, విమానం లేచింది, మా పనుల్లో మేం పడ్డాం. ఇంత పెద్ద నిజాన్ని ఇంత కులాసాగా చెప్పుకుని, ఇంత కులాసాగా వదిలేసే మనుషులు మా దేశంలో తప్ప ఎక్కడా ఉండరు.

మధ్యాహ్నం పెట్రోలు పోసే మనిషి తిండికి వచ్చాడు. జెర్బో అప్పటికే నా పాకలో సంకటి ముద్ద పులుసులో ముంచుతున్నాడు.

"కాప్టెన్‌కి ఎంత పోశావు?" అని అడిగాడు జెర్బో.

"ఎవరికి?"

"టప్సోబాకి. ఎడమ ట్యాంకు."

"నా దగ్గరికి రానేలేదే. తిన్నగా పోయి లేచిపోయాడు."

జెర్బో చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పీట తన్నేసి రేడియో గది వైపు పరిగెత్తాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. చెప్పులు ఎక్కడ జారిపోయాయో కూడా చూసుకోలేదు. రేడియోలో గరగర తప్ప ఏమీ రాలేదు. జెర్బో అరుస్తూనే ఉన్నాడు. "బావా, ముల్లు అబద్ధం! బావా, అక్కడే దిగు! వినబడుతోందా?" అవతల గరగర. కుడి ట్యాంకుతో నూనా దాకా పోవచ్చు, తిరుగు దారిలో సగం దాకా రావచ్చు. ఆ తర్వాత ఎడమ ట్యాంకు మీదికి తిప్పుకుంటాడు. అందులో ఏమీ లేదు. నూనాలో పెట్రోలు దొరకదు. ఇదంతా జెర్బో చెప్పలేదు. అతని మొహం చూసి రేడియో అబ్బాయి నాకు చెప్పాడు.

సాయంత్రం దాకా ఆకాశం వైపు చెవులు పెట్టి కూర్చున్నాం. విమానం రాలేదు. కాప్టెన్ భార్య సిబ్దూ ఆయన కోసం వేరుశనగ పులుసు గిన్నె పట్టుకుని మామూలుగా వచ్చింది. మా మొహాలు చూసి గిన్నె కింద పెట్టేసింది.

వెతకడానికి వెళ్దామంటే దేనిమీద వెళ్ళాలి? డకోటా ఇంజను ఒకటి విప్పేసి గోనెపట్టా మీద పరిచి ఉంది. రెండో బ్రూసార్ ముక్కున ఉండే పంకా రిపేరుకి సముద్రం దాటింది. హెలికాప్టరు పుస్తకం ఎవరూ చదవలేకపోయారు. టైర్లు లేనిది టైర్లు లేకుండానే ఉంది. కాగితం మీద మాకు దండిగా విమానాలున్నాయి. ఆకాశంలో ఉన్నది ఒక్కటే, తప్పిపోయింది కూడా అదే. మా కమాండెంటు మంచివాడు. తిట్టకుండా, అరవకుండా నూనా దారిలో ఒక లారీని సిపాయిలతో పంపాడు. మర్నాడు పొద్దెక్కాక లారీ తిరిగొచ్చింది. టీకా మందు క్షేమంగా చేరిందట. మందు దింపి కాప్టెన్ వెంటనే బయలుదేరాడట. దారి పొడుగునా ఎవరూ ఏమీ చూడలేదట, దుమ్ములో పక్కనున్న చెట్టు కూడా కనబడలేదట.

ఆ రోజంతా అలాగే గడిచింది. ఆ మరుసటి పొద్దుకి కాప్టెన్ అన్న రావోగా యాకో ఊరి నుంచి బస్సులో దిగాడు. పెద్దమనిషి, తెల్ల టోపీ, ఎవరి మాటా వినని రకం. ఇంటి ముందు వేపచెట్టు కింద చాపలు పరిపించాడు. ఇరుగుపొరుగు చేరారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఊళ్ళోని సామోలంతా కట్టకట్టుకుని వచ్చారు. ఒకడు నెత్తిన సత్తుగిన్నె బోర్లించుకున్నాడు, అది పైలట్ టోపీ అట. ఒకడు తాడు తెచ్చాడు, బానిస శవాన్ని కట్టి లాక్కుపోవడానికి. అందరూ వచ్చి గుమ్మంలో ఆగారు. వాళ్ళలో కాప్టెన్‌కి అందరి కంటే దగ్గర బావ జెర్బో. మొదటి తిట్టు ఆయనే తిట్టాలి.

జెర్బో వేపచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా తిండి లేదు. నూనె మరకల చొక్కా అదే. నోరు విప్పలేదు.

"కానివ్వు జెర్బో" అన్నాడు రావోగా. "ఆకాశంలోంచి పడినవాడి కోసం ఎన్నాళ్ళని కూర్చుంటాం? నువ్వు మొదలుపెడితే మేమూ ఏడ్చి తీరుతాం. నా తమ్ముణ్ణి తేలిగ్గా పోనివ్వు."

జెర్బో గోటితో చొక్కా మీది నూనె మరక గీకుతూ కూర్చున్నాడు.

"ఏం, నా తమ్ముడు నీకు అంత కానివాడయ్యాడా? పద్ధతి మర్చిపోయావా? నీ నోటికి తాళం పడిందా?"

సత్తుగిన్నె నెత్తినున్నవాడు కాప్టెన్ నడక నడవబోయాడు. ఛాతీ ముందుకు, చేతులు వెనక్కి. అచ్చం ఆయనే. జెర్బో లేచి వాడి నెత్తి మీద గిన్నె తీసి పక్కన పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అప్పుడు సిబ్దూ ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి వచ్చి జెర్బో ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అంతమంది పెద్దల ముందు ఆమె గొంతెత్తడం నేను ఎన్నడూ చూడలేదు.

"అన్నయ్యా, తిట్టొద్దు. మీరు తిట్టారంటే ఆయన లేనట్టే. మీరు నోరు విప్పనంతసేపూ ఎక్కడో ఉన్నట్టే. మీ కాళ్ళు పట్టుకుంటాను, తిట్టొద్దు."

"తిట్టనమ్మా" అన్నాడు జెర్బో. అంతే. రావోగా తల పట్టుకున్నాడు. పెద్దల మాట కాదని ఒక సామో మౌనంగా కూర్చోవడం వాళ్ళ వంశంలో ఎవరూ కని విని ఎరగరు. అందరి చూపులూ ఆ మూసుకున్న నోటి మీదే. నేనైతే ఆ నోరు ఎక్కడ వదులవుతుందోనని చూడలేక, వచ్చినవాళ్ళకి సంకటి వండి తెస్తానని చెప్పి నా పాకకి వచ్చేశాను. మనసు బాగా లేనప్పుడు నాకు పొయ్యి ఉంటే చాలు.

నీళ్ళు మసిలేలోపు ఉల్లిపాయల లారీ ఒకటి గేటు ముందు ఆగింది. దాని మీద నుంచి సన్నగా, పొడుగ్గా, భుజాల మీద కర్ర అడ్డంగా పెట్టుకుని ఒక ఫులానీ దిగాడు. హమ్మాది. వానాకాలంలో పాలు అమ్మడానికి వచ్చేవాడు, నాకు పాత చుట్టమే.

"ఏం మరదలా, పొద్దున్నే జొన్నకల్లు తాగలేదా? బోబోదాని మొహం ఇంత తెలివిగా ఉందేమిటి?" అన్నాడు దూరం నుంచే.

"ఆవుల దొంగా, ఇవాళ నాకు ఓపిక లేదు పో."

"పోతాను గానీ మీ ఇనప పిట్ట సంగతేంటి? నా పశువుల దారిలో వచ్చి పడుకుంది. నా ఎద్దు దాన్ని చూసి పెళ్ళి చేసుకుంటానంటోంది. కట్నం ఎవరిస్తారు, నువ్వా, సర్కారా?"

నా చేతిలో గరిటె జారి బూడిదలో పడింది. నమ్మాలా, మానాలా? వాడు నాతో నిజం చెప్పిన రోజు ఒక్కటి లేదు, నేను వాడితో చెప్పిందీ లేదు. మొన్న పొద్దున ఇక్కడే, ఇదే పాక ముందు, ఇలాగే నవ్వుకుని ఒక మనిషిని ఆకాశంలోకి పంపేశాం. వెళ్ళి వాడి రెండు చేతులూ పట్టుకున్నాను.

"హమ్మాదీ, నీకు దండం పెడతాను. మన చుట్టరికం కాస్త పక్కన పెట్టు. నువ్వు చెప్పింది నిజమా? ఆ పిట్టలో మనిషి?"

వాడు నా మొహం చూశాడు. నవ్వు ఆపేశాడు. "బతికే ఉన్నాడక్కా" అన్నాడు నెమ్మదిగా. వాడు నన్ను అక్కా అనడం అదే మొదలు. "కాలు కాస్త బెణికింది. అంతే. మా గుడిసెల దగ్గరే ఉన్నాడు. నిన్న పొద్దున్న నడవడం మొదలుపెడితే ఈ లారీ దొరికింది."

ప్రాణం లేచొచ్చింది. పొయ్యి మీద నీళ్ళు వదిలేసి వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. దారిలో పడ్డానో లేచానో తెలీదు. కాప్టెన్ వాకిట్లోకి వెళ్ళి నిలబడి అరిచాను. "బతికున్నాడు! కాప్టెన్ బతికున్నాడు!"

ఎవరూ కదల్లేదు. రావోగా ముందు నన్ను చూశాడు, తర్వాత హమ్మాదిని చూశాడు. బోబోది ఒకతె, ఫులానీ ఒకడు, చెట్టపట్టాలేసుకుని వచ్చారు. ఆయన మొహం జేవురించింది.

"సిగ్గు లేదూ మీకు? ఆటలాడుకోవడానికి మా ఇల్లే దొరికిందా? పోయి సంతలో ఆడుకోండి!"

"ఆట కాదయ్యా" అన్నాను. జన్మంతా వేళాకోళాలాడి సంపాదించిన పేరు, ఆ క్షణంలో నా నోటికే అడ్డం పడింది.

హమ్మాది మాత్రం కంగారు పడలేదు. వాకిట్లో అటూ ఇటూ చూసి, "మీలో జెర్బో అనే ఆయన ఎవరు? ఆయనకి చెప్పమని ఒక మాట పంపాడు" అన్నాడు. "ముల్లు నిజంగానే మోసీది, అబద్ధమాడింది అని చెప్పమన్నాడు. కడుపు కాలుతున్నా నిండిందనే అంది అని. నాకైతే దాని అర్థం తెలీదు."

ఆ మాట మొన్న పొద్దున నా పాక ముందు విన్నవాళ్ళం కొద్దిమందిమే. హమ్మాదికి ఎవరూ చెప్పే అవకాశం లేదు. జెర్బో లేచి నిలబడ్డాడు.

"నేల గట్టిదేనా?" అని అడిగాడు.

"మా పశువులు ఏళ్ళ తరబడి తొక్కిన దారి. రాయి లాగా ఉంటుంది."

"చక్రాలు?"

"రెండూ ఉన్నాయి. ఒకటి పందికొక్కు బొరియలో దిగింది, మేం ఎత్తి పక్కన పెట్టాం."

"మనిషిని వెంట తీసుకురాలేదేం?"

"రానన్నాడు. దేశానికున్న విమానాల్లో ఎగిరేది ఇదొక్కటే, దీన్ని మీ మేకలకి వదిలి వస్తానా అన్నాడు. రాత్రీ పగలూ రెక్క కిందే కూర్చున్నాడు. మా మేకలు తోక దగ్గర నాకబోతే టోపీతో కొడుతున్నాడు."

సిబ్దూ అప్పుడు నవ్వింది. చిన్న నవ్వు, ఏడుపులాంటిది. "ఆయనే" అంది. "ఆయనే, ఇంకెవరూ కాదు." వాకిలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. రావోగా కూలబడిపోయి, టోపీ తీసి మొహం కప్పుకున్నాడు. పెద్దమనిషి ఏడుపు ఎవరూ చూడకూడదని మేమంతా వేరే వైపు తిరిగాం. సత్తుగిన్నె తెచ్చినవాడు తన గిన్నె కోసం వెతుక్కున్నాడు, తాడు తెచ్చినవాడు తాడు వెనక దాచుకున్నాడు.

జెర్బో ఆగలేదు. పెట్రోలు పీపా, గరాటా, కర్ర, ఒక లారీ. హమ్మాదిని ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు సామోలంతా ఆయన్ని చుట్టుముట్టి, "బతికే ఉన్నాడు కదా, ఇప్పుడైనా ఒక్కటి తిట్టు మామా" అని బతిమాలారు. "కళ్ళతో చూడనివ్వండి" అన్నాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా, దుమ్ము కాస్త పలచబడింది. సిబ్దూ, రావోగా, కమాండెంటు, సగం ఊరు నా పాక దగ్గరే ఉన్నారు. అమ్మకం బాగా సాగింది గానీ ఎవరు డబ్బిచ్చారో ఎవరివ్వలేదో నేను పట్టించుకోలేదు. ముందు జెర్బో షెడ్డు మనుషులెవరో "ష్" అన్నారు. తర్వాత మాకూ వినిపించింది. గుండ్రటి ఇంజను గురక. చచ్చి బతికినా ఆ గురక నేను గుర్తుపడతాను. మైదానం మీదుగా ఒక చుట్టు తిరిగి, గుట్ట వెనక నుంచి మళ్ళీ వచ్చి, దుమ్ము లేపుకుంటూ దిగింది. జనం చప్పట్లు కొట్టారు, ఈలలేశారు. కమాండెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కాప్టెన్ కుంటుకుంటూ దిగాడు. ఒంటినిండా దుమ్ము, పాల వాసన. సిబ్దూ దగ్గరికి వెళ్ళింది. అంతమంది ముందు ఏం చెయ్యాలో తెలీక ఆయన చొక్కా మీది దుమ్ము దులపడం మొదలుపెట్టింది. దులిపిన చోటే దులుపుతోంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత అన్నగారి కాళ్ళకి మొక్కాడు. ఆ తర్వాత తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"పిన్నీ, నిజం చెప్పు. నేను చచ్చానా?"

"అదేం మాట్రా, పాపిష్టి మాట!"

"మరి వీడికేమైంది? వచ్చీ రాగానే తిడతాడనుకుని ఎదురెళ్ళాను. పలకలేదు. ట్యాంకులో కర్ర దించాడు, పెట్రోలు పోశాడు, మళ్ళీ కర్ర దించాడు, నా పక్కన కూర్చున్నాడు. దారంతా ఒక్క తిట్టు లేదు పిన్నీ. 'కాప్టెన్ గారూ' అన్నాడు. ఇంజను ఆగినప్పుడు కూడా నాకింత భయం వెయ్యలేదు."

జెర్బో వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మడమలు కలిపాడు.

"కాప్టెన్ గారూ. ఎడమ ట్యాంకు ముల్లు ఇరుక్కుపోయింది. ఖాళీగా ఉన్నా నిండుగా చూపిస్తుంది. అది మార్చేదాకా ఎక్కే ముందు మీరే కర్ర దించి చూసుకోవాలి. ఇది వేళాకోళం కాదు."

కాప్టెన్ నవ్వలేదు. ఆయన కూడా మడమలు కలిపాడు. బెణికిన కాలికి నొప్పి పుట్టినట్టుంది, పెదవి కొరికాడు. "అర్థమైంది, జెర్బో గారూ" అన్నాడు. ఆ ఇద్దరూ ఒకరినొకరు గారూ అనుకోవడం వింటుంటే నాకే ఒళ్ళు జలదరించింది.

సిబ్దూ ముందుకొచ్చింది. కళ్ళు తుడుచుకుంది.

"అన్నయ్యా" అంది, "ఇక తిట్టండి."

జెర్బో నోరు తెరిచాడు. "ఈ... ఈ గాడిద..." అన్నాడు. మూడు రోజులు బిగబట్టినదంతా కళ్ళలోంచి వచ్చేసింది. నిలువెత్తు మనిషి, నూనె చేతులతో మొహం తుడుచుకుంటే మొహమంతా నల్లబడింది.

"గట్టిగా బావా, వినబడట్లేదు" అన్నాడు కాప్టెన్.

"గాడిదకి పుట్టినవాడా! మేకల కాపరీ! బానిసకి బానిసవైనవాడా! నీ చావుకని నేను ఏళ్ళ తరబడి దాచుకున్న తిట్లన్నీ గొంతులోనే ఎండిపోయాయి కదరా! నా చేత సంకటి మానిపించావు కదరా! నీకంటే ఆ ముల్లే నయం, ఉన్నచోటే ఉంటుంది, దేశమంతా తిప్పి చంపదు! నిన్ను మోసినందుకు ఆ విమానానికి మొక్కాలి, నిన్ను కట్టుకున్నందుకు నా చెల్లెలికి పతకం ఇవ్వాలి!"

జనం ఘొల్లుమన్నారు. సిబ్దూ ఏడుస్తూనే పొట్ట పట్టుకుని నవ్వుతోంది. రావోగా నా భుజం మీద చరిచి, చరిచింది ఆడమనిషినని చూసుకుని నాలుక కరుచుకున్నాడు. నాకు అంత హాయి జన్మలో ఎప్పుడూ కలగలేదు. జెర్బో తిడుతూనే ఉన్నాడు. కాప్టెన్ చేతులు కట్టుకుని, కుంటికాలి మీద నిలబడి, ఒక్కో తిట్టు అయిపోగానే "ఇంకోటి బావా, ఇంకోటి" అంటున్నాడు.